అలుగు మీద అడుగు బస్తాలు: వరద ముప్పు పెరిగేది ఎక్కడ, తగ్గించగలిగేది ఎక్కడ

2023 జూలై 26 ఉదయం నుంచి 27 ఉదయం దాకా, ఒక్క రోజులో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణ ఏడాది సగటు వర్షపాతమే 90 సెంటీమీటర్ల పైచిలుకు. అదే సమయంలో పక్క జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మునిగింది. అంత వానను పూర్తిగా ఆపే కట్టా లేదు, కాలువా లేదు. అయితే మన దగ్గర ఏటా జరిగే ముంపుల్లో చాలావాటికి 65 సెంటీమీటర్లు అక్కర్లేదు, పది పన్నెండు చాలు. ఒకప్పుడు అంత వాన పడితే చెరువు నిండి, మిగులు నీరు బయటికి పోయే అలుగు పారేది, ఊరంతా చూడ్డానికి వెళ్లేది. ఇప్పుడు అదే వానకు కాలనీల్లో జనాన్ని పడవల్లో తరలించాల్సి వస్తోంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క వేసి చూస్తే, ఏది మన చేతిలో ఉందో తెలుస్తుంది.

వాతావరణం మారింది, అది నిజం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే వాన పడే రోజులు పెరగకపోయినా, పడినప్పుడు కొద్ది గంటల్లోనే కుమ్మరిస్తోంది. హైదరాబాద్ బేగంపేటలో 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల దాకా నమోదైంది. మన పట్టణాల్లో వాననీటి కాలువలు పాత లెక్క ప్రకారం గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకు కట్టినవి. గంటలో 50 మిల్లీమీటర్లు పడితే అవి చాలవు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఇది ఒక ఊరి వల్లో ఒక మున్సిపాలిటీ వల్లో మారేది కాదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. అసలు చెప్పాల్సింది చెరువు దగ్గరుంది.

ఒక మామూలు చెరువును తీసుకుందాం. దానికి నీళ్లొచ్చే పరీవాహకం 2 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 500 ఎకరాలు. అలుగు పొడవు 20 మీటర్లు. అలుగు మీద నీరు 60 సెంటీమీటర్ల ఎత్తున పారేదాకా కట్టకు ప్రమాదం లేదు, అది దాటితే కట్టలో పల్లంగా ఉన్నచోట నీరు పొర్లుతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడింది. పైన పొలాలు, బీళ్లు ఉంటే పడిన వానలో 30 శాతం మాత్రమే పారుతుంది. చెరువులోకి వచ్చే వరద దాదాపు 295 క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు). అలుగు 560 క్యూసెక్కుల దాకా పంపగలదు. ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఆ 500 ఎకరాలూ వెంచర్లయ్యాయి. సీసీ రోడ్లు, స్లాబులు, టైల్స్ వేసిన వాకిళ్లు. అదే వానలో 75 శాతం పారుతుంది. వరద 735 క్యూసెక్కులకు పెరిగింది. వాన మారలేదు, చెరువు మారలేదు, అలుగు ఒక్క రాయి కూడా కదల్లేదు. అయినా 560 పంపగల అలుగుకు 735 వచ్చి పడుతోంది. అప్పటికే చెరువు నిండి ఉంటే మిగిలిన నీరు కట్ట మీదికే వస్తుంది.

దీని మీద ఇంకొకటి. వానాకాలం చివర్లో నాలుగు నీళ్లు ఎక్కువ నిలుస్తాయని అలుగు మీద అడుగు ఎత్తున ఇసుక బస్తాలు పేరుస్తారు. కొన్నిచోట్ల చేపలు పోకుండా అలుగుకు అడ్డంగా జాలీ కడతారు. దానికి ఆకులు, ప్లాస్టిక్, గుర్రపు డెక్క పట్టుకుని ఒక్క రాత్రిలో అది గోడవుతుంది. అడుగు ఎత్తు మూసుకుపోతే అలుగు శక్తి సగానికి పడిపోతుందనుకుంటాం. నిజానికి మూడో వంతే మిగులుతుంది. ఎందుకంటే అలుగు మీద పారే నీటి ఎత్తు సగమైతే ప్రవాహం సగానికి ఆగదు; లోతు తగ్గడంతో వేగమూ తగ్గుతుంది. 560 క్యూసెక్కుల అలుగు 200 దగ్గరికి వచ్చేస్తుంది. వరద ముప్పు గురించి ఒక్క పని చెప్పమంటే నేను ఇదే చెబుతాను: అలుగు మీద ఏదీ ఉండకూడదు. బస్తాలు, జాలీలు, పిచ్చి మొక్కలు, ఏవీ.

అలుగు దిగువన వాగు సంగతి కూడా అంతే ముఖ్యం, దాన్ని ఎవరూ చూడరు. అలుగు 20 మీటర్లుండి, దాని కింద వాగును ఆక్రమించి 4 మీటర్ల నాలా చేస్తే, కింది నీరు వెనక్కి ఎక్కి అలుగునే ముంచుతుంది. అప్పుడు అలుగు ఎంత పొడవున్నా పనిచేయదు. ప్రహరీ గోడ కట్టినవాడి ఇల్లు మునగకపోవచ్చు, మునిగేది ఎగువన చెరువు వెనుక ఉన్నవాళ్లు, కట్ట తెగితే దిగువన ఉన్నవాళ్లు.

మన చెరువులు గొలుసుకట్టువి. ఒకదాని అలుగు నీరు ఇంకోదానికి పోతుంది. చెరువుల పునరుద్ధరణకు చేపట్టిన మిషన్ కాకతీయ లెక్కలో ఒక్క తెలంగాణలోనే చెరువులు, కుంటలు కలిపి 46 వేలకు పైగా ఉన్నాయి. గొలుసు సరిగా ఉంటే ప్రతి చెరువూ వరదను కాసేపు పట్టి, నెమ్మదిగా కిందికి వదులుతుంది. పైచెరువు తెగితే మాత్రం గంటల్లో రావాల్సిన నీరంతా నిమిషాల్లో కింది చెరువు మీద పడుతుంది. ఏ అలుగునూ ఆ లెక్కకు కట్టరు. 2020 అక్టోబరులో హైదరాబాద్ దక్షిణాన అప్ప చెరువు, పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి గగన్‌పహాడ్ దగ్గర జాతీయ రహదారిని, పాతబస్తీ కాలనీలను ముంచాయి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద జరిగింది కూడా ఇదే, ఇంకా పెద్దగా. పైన పింఛా ప్రాజెక్టు నుంచి వరద విరుచుకుపడింది. దిగువన అన్నమయ్య ప్రాజెక్టు గేట్లు 2.17 లక్షల క్యూసెక్కుల వరకు పంపగలవు. వచ్చిన వరద 3 లక్షలు దాటింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లకు పారిపోయే సమయం కూడా దక్కలేదు. మట్టికట్ట మీద నీరు పొర్లడం మొదలయ్యాక దాన్ని కాపాడటం దాదాపు అసాధ్యం. కాంక్రీటు కట్ట మీదుగా నీరు పారినా నిలబడొచ్చు, మట్టికట్ట నిలబడదు. గేట్ల మరమ్మతును వేసవిలో వాయిదా వేయడమంటే ఈ ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడమే.

ఇక వేసవిలో చేయాల్సిన పనులు. ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండినప్పుడే ఇవి కుదురుతాయి.

కట్ట మట్టం కొలవాలి. దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు, మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు చాలు. అలుగు మట్టాన్ని ఆధారంగా పెట్టుకుని, కట్ట పొడవునా ప్రతి 20 మీటర్లకు ఎత్తు రాసుకుంటూ పోవాలి. ట్రాక్టర్లు, పశువులు దాటే దగ్గర కట్ట అరిగి అడుగు, అడుగున్నర దిగిపోయి ఉంటుంది. కంటికి ఆనదు. మిగతా కట్టంతా ఎంత ఎత్తున్నా నీరు మొదట పొర్లేది ఆ పల్లంలోనే, తెగేదీ అక్కడే. ఆ పల్లాన్ని మొరంతో, 15–20 సెంటీమీటర్ల పొరలుగా, తడిపి దిమ్మిస కొట్టి నింపాలి. మట్టి తడి సరిపోయిందో లేదో చేత్తో చూడొచ్చు: పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి నీరు అంటకూడదు. చెరువులో తీసిన పూడిక మట్టిని కట్ట మీద పోయడం చాలా చోట్ల కనిపిస్తుంది. అది పొలాలకు బంగారం, కట్టకు మాత్రం పనికిరాదు, ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే జారుతుంది. ఉత్త నల్లరేగడీ అంతే.

కట్ట మీద చెట్లు. సర్కారు తుమ్మ చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసేయాలి. పెద్ద చెట్టును జేసీబీతో పీకి ఆ గుంత అలాగే వదిలేస్తే, చెట్టు ఉన్నప్పటికంటే ప్రమాదం. వేళ్లు తీసిన దారి వెంటే నీరు పోతుంది. తీస్తే గుంతను పొరలుగా పూడ్చాలి, అంత పని చేయలేకపోతే నీటిపారుదల ఇంజనీరుకు చూపించి నిర్ణయించాలి. ఎలుకలు, ఎండ్రకాయల బొరియలు, చెదపుట్టలు పైపైన పూడ్చితే లాభం లేదు, లోపలికి తవ్వి చివర కనిపించేదాకా వెళ్లి నింపాలి.

పొలాలకు నీరు వదిలే తూము చుట్టూ ఎక్కువ జాగ్రత్త కావాలి. రాతికట్టడం, మట్టి కలిసే చోట సందు పడుతుంది. చాలా గండ్లు అక్కడే మొదలవుతాయి. తూము షట్టరు ఎక్కుతోందో దిగుతోందో మే నెలలోనే తిప్పి చూసి గ్రీజు పెట్టాలి. జూలైలో తుప్పుపట్టిన స్క్రూ రాడ్డును వానలో తిప్పడం ఎవరి వల్లా కాదు.

వాన ముందే తెలిస్తే తూము తీసి చెరువును కొంత ఖాళీ చేయాలా? చేయాలి, కానీ ఎప్పుడు చేయాలన్నదే కీలకం. నీటి విస్తీర్ణం 50 ఎకరాలున్న చెరువులో ఒక్క అడుగు తగ్గించాలంటే 50 ఎకరా-అడుగుల నీరు పోవాలి (ఎకరం మేర అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు). ఒక క్యూసెక్కు నీరు రోజంతా పారితే దాదాపు 2 ఎకరా-అడుగులు. తూము 10 క్యూసెక్కులు వదిలినా రెండున్నర రోజులు పడుతుంది. పైన చెప్పిన 735 క్యూసెక్కుల వరద ఆ అడుగును 50 నిమిషాల్లో తిరిగి నింపేస్తుంది. ఆ 50 నిమిషాలు తక్కువేం కాదు, వాన ఉద్ధృతి చాలాసార్లు అంతలో తగ్గుతుంది, జనాన్ని లేపి తరలించడానికీ సరిపోతుంది. కానీ మబ్బు పట్టాక తూము దగ్గరికి పరిగెత్తితే ఉపయోగం లేదు. వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజే, రెండు మూడు రోజుల ముందే తీయాలి. పైచెరువు వాళ్లు, కిందిచెరువు వాళ్లు ఒకరికొకరు చెప్పుకుని తీయాలి.

వాన రాత్రి కట్ట మీద ఇద్దరు చొప్పున, టార్చి లైట్లతో, గంటకోసారి కట్ట దిగువ అంచు వెంట నడవాలి. దిగువన తేమ, కాస్త ఊట మామూలే. ఊట నీరు తేటగా ఉంటే అక్కడొక కర్ర పాతి గమనిస్తూ ఉండొచ్చు. నీరు బురదరంగులో వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట, బుంగ పడుతోంది. అప్పుడు అందరూ చేసే పొరపాటు బయటి రంధ్రాన్ని మట్టితో మూయడం. లోపల ఒత్తిడి అలాగే ఉంటుంది కాబట్టి నీరు ఇంకోచోట చీల్చుకుని వస్తుంది. బయట చేయాల్సింది, ఆ ఊట చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా రింగ్ బండ్ కట్టడం. ఆ రింగులో నీరు రెండు మూడడుగులు నిలబడితే ఒత్తిడి సమమై మట్టి రావడం తగ్గుతుంది. నీరు తేటగా మారిందంటే రింగు ఎత్తు సరిపోయినట్టే, ఇంకా పెంచక్కర్లేదు. రింగులో మొదట ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, పైన పెద్ద కంకర పోస్తే నీరు వస్తుంది, మట్టి ఆగుతుంది. ఈ వరుస తిరగేయకూడదు. చెరువు లోపలి వైపు సుడి కనిపిస్తే అక్కడ టార్పాలిన్‌కు బరువులు కట్టి దించాలి. లోపలికి మనుషుల్ని దించొద్దు.

కట్ట పొర్లబోతున్న పల్లంలో బస్తాలు పేర్చేటప్పుడు బస్తాను సగం, మహా అయితే మూడింట రెండొంతులే నింపాలి. బిగుతుగా నింపితే గుండ్రంగా ఉండి సందులు మిగులుతాయి. మూతి మడిచి, మడిచిన వైపు నీటి ప్రవాహానికి ఎదురుగా పెట్టి, ఇటుకల్లా అతుకుల మీద అతుకు రాకుండా పేర్చి, ఒక్కో వరుసనూ తొక్కి అణచాలి. నీటి వైపు పాలిథీన్ షీటు. మామూలు సైజు ఇసుక సంచులతో 100 అడుగుల పొడవు, ఒక అడుగు ఎత్తుకు 600 కావాలి. రెండడుగుల ఎత్తుకు 1,200 చాలవు, 2,000 దాకా పడుతుంది, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ కింది వరుసల వెడల్పూ పెరగాలి. అందుకే ఇసుక, సంచులు జూన్‌లోనే కట్ట మీదికి చేర్చి ఉంచాలి. అర్ధరాత్రి ట్రాక్టరు ఆ బురదలో కట్ట ఎక్కదు.

పెద్ద నదుల దగ్గర పరిస్థితి వేరు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. అయినా ఎగువ లెక్కలు చూసి ఎంత వస్తుందో ముందే చెప్పగలిగారు, జనాన్ని తరలించారు. చిన్న వాగులు, చెరువులకు ఆ గడువు ఉండదు. మన వ్యవస్థ దృష్టంతా నదుల మీదే ఉంటుంది, ప్రాణాలు పోయేది మాత్రం చాలాసార్లు వాగుల దగ్గర. నది వరద, వాగు వరద రెండూ ఒకేసారి వస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ చూసింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది, బ్యారేజీ కట్టాక అదే అత్యధికం. విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు వరదను వెలగలేరు దగ్గర మళ్లించే కాలువ కూడా పోయి ఆ కృష్ణలోనే, బ్యారేజీకి ఎగువన కలవాలి. నది నిండుగా ఉంటే కాలువ నీరు దిగదు. మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీరు నిలిచింది. బుడమేరు పాత దారి కొల్లేరుకు పోతుంది. ఆ దారి వెడల్పు తిరిగి సంపాదించకుండా మళ్లింపు కాలువ ఒక్కదాన్నే పెద్దది చేస్తే, కృష్ణ నిండిన రోజు మళ్లీ ఇదే సమస్య.

పట్టణాల్లో ఎక్కువగా చెడేది కల్వర్టుల దగ్గర. పైపు వ్యాసం రెట్టింపైతే అది మోసే నీరు ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. ఒక 1200 మిల్లీమీటర్ల పైపుకు బదులు 600వి రెండు వేస్తే లెక్క సరిపోయిందనుకుంటారు, వచ్చేది మూడో వంతే. పైగా చిన్న పైపు తొందరగా మూసుకుపోతుంది. కల్వర్టు లోపల అడ్డంగా వేసిన మంచినీటి పైపులు, కేబుళ్లు చెత్తను పట్టుకునే కొక్కేలవుతాయి, వాటిని పక్కకు మార్చాలి. పూడిక తీసి గట్టునే కుప్ప పోస్తే మొదటి వానకే అది తిరిగి నాలాలో ఉంటుంది. అదే రోజు లారీలో పోవాలి, బిల్లు చెల్లించే ముందు అధికారి ఆ గట్టును చూడాలి. రోడ్డు వేసేటప్పుడు పాత తారును చెక్కకుండా పైన పొర వేస్తే ప్రతిసారీ రెండు మూడు అంగుళాలు ఎత్తు పెరుగుతుంది. మూడు నాలుగు సార్లయ్యాక మన గడప రోడ్డు కంటే కిందికి పోతుంది.

ఇంకుడు గుంతల గురించి నిజం చెప్పాలి. 200 గజాల స్థలం మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 16,700 లీటర్ల నీరు. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, ఆరడుగుల లోతు గుంతలో కంకర నింపితే సందుల్లో పట్టేది వెయ్యి లీటర్ల చిల్లర. భూగర్భ జలాలకు అది చాలా మంచిది, అందరూ తవ్వుకోవాలి. కుండపోత వానను మాత్రం అది ఆపదు. ఆ పని చేయగలిగేవి చెరువులు, పార్కులు, ఆటస్థలాలు. అందుకే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే మట్టం) హద్దుల మీద రాజీ పడకూడదు. తెలంగాణ నిబంధనల్లో 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్ల బఫర్, అంటే హద్దు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా, ఉంది. స్థలం కొనేముందు గ్రామ నక్షాలో ఆ సర్వే నంబరు శిఖమో (చెరువు లోపలి భూమి), కుంటో, వాగు పోరంబోకో చూడాలి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల అక్టోబరు, నవంబరు చిత్రాలు తిరగేయాలి. చుట్టుపక్కల ప్రహరీల మీద నీటి గీతలు వెతకాలి. వేసవిలో మాత్రమే చూసి కొనకూడదు.

ఇల్లు ఇప్పటికే పల్లంలో ఉంటే మూడు పనులు ముందు చేయించండి. కరెంటు మీటరు, మెయిన్ బోర్డు గతంలో వచ్చిన నీటి గీత కంటే ఒక మీటరు ఎత్తుకు మార్చాలి. డ్రైనేజీ చాంబరులో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించాలి, లేకపోతే వీధిలో నీరు గడప దాటకముందే బాత్రూంలోంచి మురుగు ఎగదన్నుతుంది. సంపు మూత అంచును నేలకంటే కనీసం అడుగున్నర పైకి కట్టించాలి. సెల్లారులోకి నీరు వచ్చేటప్పుడు బండి కోసం దిగకండి. అడుగు లోతు ప్రవాహంలో చిన్న కారు తేలుతుంది, రెండడుగులైతే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. నీరు తగ్గాక సెల్లారును ఒక్కసారిగా మోటార్లతో తోడేయకూడదు. బయటి మట్టి ఇంకా నీటితో బరువుగా ఉంటుంది, లోపలి ఆసరా పోతే గోడ కూలుతుంది. రోజుకు మూడో వంతు చొప్పున తోడాలి.

మునిగిన సంపును ఖాళీ చేసి, బురద ఎత్తి, గోడలు రుద్ది కడిగాక నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు వేయాలి. ముందు బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేట మాత్రమే పోయాలి. 12 గంటలు ఉంచి ఆ నీరంతా పారబోసి, కొత్త నీరు పట్టుకోవాలి. ఆ తర్వాత మామూలు మోతాదు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములే.

ఇంకో పని చాలామంది మర్చిపోతారు. నీరు తగ్గిన రెండు మూడు రోజుల్లోనే, గోడల మీద గీత చెరిగిపోకముందే, అలుగు దగ్గర, కల్వర్టు దగ్గర, బడి గోడ మీద నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో రంగుతో గీసి తేదీ వేయాలి. ఏ గంటకు వచ్చింది, ఏ గంటకు తగ్గింది, ఎటునుంచి వచ్చింది అన్నది పంచాయతీ రికార్డులో రాయించాలి. అలుగు ఎన్ని మీటర్లు పొడిగించాలి, కల్వర్టుకు ఎన్ని పైపులు కావాలి అన్న అంచనా వేసే ఇంజనీరుకు మొదట కావాల్సింది ఆ గీతే.